విహార నౌక వచ్చిన రోజు ఉల్లిపాయల ఓడ ఎక్కడ ఆగాలి?

సంపాదకుల వారికి,

చెన్నై నుంచి అండమాన్‌కు విహార నౌకలు పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ టెర్మినల్ హాలు దగ్గరే ఆగిపోతోంది. హాలు ఏ ఏడైనా కట్టుకోవచ్చు, ముందు తేలాల్సింది ఓడలు ఆనే గట్టు, అంటే వార్ఫు సంగతి. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఓడల మనుషుల నోట ఇంకా పాత పేరే. అక్కడ మెయిన్‌లాండ్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు ప్రధానంగా ఆనేది హడ్డో వార్ఫుకే. దీవికి కావలసిన బియ్యం, ఉల్లి, సిమెంటు దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వెళ్లాలి. సుమారు మూడు రోజుల ప్రయాణం.

మన రేవుల్లో విహార నౌకకు బెర్తు, అంటే వార్ఫు పక్కన ఓడ ఆగే చోటు, ముందుగా ఇవ్వడం ఆనవాయితీ. బెర్తు ఖాళీ లేకపోతే సగం దిగిన సరకు ఓడను లంగరు చోటికి జరపాలి. అది తాళ్లు విప్పినంత తేలిక కాదు. సరకు ఎత్తే తాళ్లు (స్లింగులు), వలలు తీసి క్రేన్లు పడుకోబెట్టాలి. సరకు గదుల పై తలుపులు, అంటే హాచ్ మూతలు వేసి బిగించాలి. సగం ఖాళీ అయిన ఓడ ఒరగకుండా ట్యాంకుల్లో బరువు కోసం నింపే బ్యాలస్టు నీళ్లు సరిచూడాలి. ఆ తర్వాత రేవులో దారి చూపే పైలట్, ఓడను లాగే టగ్గు, తాళ్లు పట్టే మనుషులు కావాలి. తిరిగి తెచ్చేటప్పుడు మళ్లీ ఇంత తతంగమూ ఉంటుంది. పర్యాటకులు ఊరు చూసి రావడానికి పది గంటలు పడితే సరకు ఓడకు ఒక రోజు పోయినట్టే.

మూసిన హాచ్ కింద జరిగేది బయటికి కనిపించదు. ఉల్లి బస్తాలు వేడి, తేమ వదులుతూనే ఉంటాయి. రాత్రి వానకు ఇనుప మూత చల్లబడుతుంది. లోపలి ఆవిరి దానికి పట్టి, చుక్కలు చుక్కలుగా పై వరస బస్తాల మీదే కారుతుంది. దీన్ని ఓడ చెమట అంటారు. మూడు రోజులు తట్టుకున్న ఉల్లి ఇంకొక్క రాత్రికి మెత్తబడుతుంది. అదే సరకు గదిలో (హోల్డులో) 50 కిలోల సిమెంటు బస్తాలుంటే అంచులు గడ్డకడతాయి. బజారులో ధర పెరిగితే నెపం మాత్రం వర్తకుడి మీద.

దీనికి మందు చెన్నైలోనే ఉంది. విహార నౌకల తేదీలు నెలల ముందే ఖాయమవుతాయి. ఆ బెర్తు పట్టికను చెన్నై రేవు ముందున్న రాజాజీ సాలైలో సరకు బుకింగుకు ముందే బోర్డు మీద పెడితే ఓడ బయల్దేరే రోజును అటూ ఇటూ సర్దుకోవచ్చు. త్వరగా పాడయ్యేవి చివర ఎక్కించాలి, చివర ఎక్కిందే ముందు దిగుతుంది. ఇది తెలియనివాళ్లెవరూ లేరు. కానీ గేటు దగ్గర లారీలు వరస తప్పితే ఉల్లి అడుక్కు పోతుంది, సిమెంటు పైకెక్కుతుంది. పట్టికలో ఖాళీ రోజులూ వదలాలి. నవంబరు, డిసెంబరుల్లో పర్యాటకుల సీజను, బంగాళాఖాతం తుపాన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. తుపానుకు ఆగిన ఓడలన్నీ తెరిపిచ్చాక ఒక్కసారే వచ్చి పడతాయి.

ఇక వార్ఫు. విహార నౌక నీట్లో మునిగేది తక్కువ, పైకి లేచేది ఎక్కువ. పక్క గోడంతా తెరచాపలా గాలి పడుతుంది. సరకు ఓడలను ఆపిన బొల్లార్డులు (తాళ్లు కట్టే గుంజలు), ఫెండర్లు (ఓడ ఒరుసుకోకుండా వార్ఫుకు కట్టే మెత్తలు) దీన్నీ ఆపుతాయని అనుకోకూడదు. పెద్ద పోటుకూ పాటుకూ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో నీటిమట్టం సుమారు రెండు మీటర్లు మారుతుంది, చెన్నైలో అంత ఉండదు. వయసు మళ్లినవాళ్లు ఓడ దిగే నిచ్చెన బాట (గ్యాంగ్‌వే) పొద్దున ఒక వాలులో, మధ్యాహ్నం మరో వాలులో ఉంటుంది. పైగా 2004 డిసెంబరు 26 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. పాత డ్రాయింగుల మట్టాలతో కొత్త జెట్టీ గీస్తే ఆ తప్పు పోటు రోజున బయటపడుతుంది.

మంచినీళ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. రెండు వేల మంది, మనిషికి 200 లీటర్లు అనుకుంటే రోజుకు 400 టన్నులు. ఊరికి నీళ్లిచ్చే ధనిఖారి జలాశయం ఎండాకాలంలో అడుగంటుతుంది. కాబట్టి విహార నౌకకు దీవిలో నీటి గొట్టం తగిలించనే వద్దు, ట్యాంకులు బయల్దేరేచోటే నింపుకోవాలి. 2019 వేసవి నీటి కరువు చూసిన చెన్నై ఈ మాటకు ముఖం చిట్లిస్తుంది, నిజమే. ఓడలోనే ఉప్పునీటిని శుద్ధి చేసే యంత్రాలుంటాయి గానీ వాటిని నడపాల్సింది రేవులోని మురికి నీటితో కాదు, నడిసముద్రంలో.

ఓడల కాలుష్యంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ నిబంధనల ప్రకారం శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక, 4 నాట్లకు తగ్గని వేగంతో పోతూనే వదలాలి. ప్లాస్టిక్ ఎక్కడా వదలకూడదు. దాన్ని దీవిలో దించితే పూడ్చే చోటేదీ? తిరిగొచ్చే ఓడలోనే చెన్నైకి తేవాలి. ఇక్కడ చెత్త దించుకునే ఏర్పాటు కాగితం మీద ఉంటే చాలదు. ఓడ చేరే పూటకు లారీ వార్ఫు మీద ఉండాలి.

— ఓడల సరకు పని తెలిసిన కొందరు పాఠకులు,
రాయపురం, చెన్నై