మా వార్డు పిల్లల పార్కు గురించి పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

ప్రభుత్వ పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించే నేను, మా వార్డు పార్కుకు మరమ్మతులు కోరుతూ మూడుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాకపోవడంతో నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను. తూగుడుబల్ల మీద ఇరుసుకు 1 మీటరు దూరాన కూర్చున్న 30 కిలోల అన్నను, అటువైపు 1.5 మీటర్ల దూరాన కూర్చున్న 20 కిలోల చెల్లెలు సమంగా నిలపగలదని మా పిల్లలు అక్కడే కనిపెట్టారు. ఆనాటి వాళ్ల కేరింతలు నాకింకా వినిపిస్తున్నాయి. ఊయల ఊగే కాలం గొలుసు పొడవును బట్టే కానీ బరువును బట్టి పెద్దగా మారదనీ లెక్కపెట్టి తెలుసుకున్నారు.

ఇప్పుడా గొలుసు తెగి వేలాడుతోంది. జారుడుబల్ల రేకు చీలి, అంచు కత్తిలా పైకి లేచింది. గత నెల ఒక పాపకు అరచేయి కోసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి తల్లులు పిల్లలను పంపడం లేదు.

వేసవి సెలవులలోపు ఈ రెండింటినీ బాగుచేయించి, పని పూర్తయ్యే తేదీని పార్కు గేటు దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు