చిన్నాకు అమ్మ ఉత్తరం

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. గేదె ఈనింది, పెయ్య దూడ. జున్ను నీకు పంపే దారి లేక మావయ్య పిల్లలకే పెట్టాను. బెంగళూరులో వానలట, గొడుగు కొనుక్కున్నావా? మొన్న హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు నా మందులకు వెళ్తే కౌన్సెలింగ్ మేడమ్ "మీ అబ్బాయి రాలేదేమమ్మా" అంది. పని ఎక్కువగా ఉందని సర్దిచెప్పాను. నువ్వేమో ఫోన్ ఎత్తవు.

సంక్రాంతికి నువ్వన్న మాట మనసులోంచి పోవడం లేదు. "ఒంట్లో బాగానే ఉంది, ఆ మాత్ర చూస్తేనే జబ్బు గుర్తొస్తుంది" అన్నావు. బాగున్నది ఆ మాత్ర వల్లే నాన్నా.

మీ రాజమండ్రి పెద్దమ్మ సంగతి నీకు సగమే తెలుసు. అప్పట్లో రాత్రి ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మాత్ర వేసుకుంటే తల తిరిగేది, పీడకలలొచ్చేవి. మందు వేడి చేసి రక్తం విరిచేస్తోందని అక్క నమ్మకం. కోడలు చూస్తుందని మాత్రలు బియ్యం డబ్బాలో దాచేది. కోడలు వంటింట్లోంచి కదలకపోతే ఆ పూట మాత్ర లేనట్టే. సీడీ4, అదే జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క, పెరిగిందనగానే జబ్బు పోయిందనుకుంది. ఎవరో నాటు మందిస్తే ఇవి మానేసింది. కొన్నాళ్లు బాగానే తిరిగింది, తర్వాత టీబీ పట్టుకుంది. మళ్లీ పాత మాత్రలేస్తే వైరస్ లొంగలేదు. వేరే రకం మందులకు మార్చాకే మంచం దిగింది. ఇప్పుడు ఆ కోడలే టైముకు గుర్తుచేసి వేయిస్తోంది.

నీకిచ్చే డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటే, అంత తల తిరుగుడూ ఉండదు. నిద్ర పట్టకపోతే ఏ పూట వేసుకోవాలో డాక్టర్ని అడుగు, అంతేగానీ మానకు. గ్యాస్ మందులు, ఐరన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పు, ఎంత ఎడంగా వేసుకోవాలో వాళ్లే చెబుతారు. హోటల్ కారాలు తగ్గించు.

పెళ్లి మాటెత్తితే మొహం తిప్పుకుంటావు. మందు మానకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడని స్థాయిలోనే ఉంటే కాపురంలో భార్యకు అంటదు. పిల్లల్నీ కనొచ్చు. ఇది తెలిస్తే ఆ మాత్రను ఇంకోలా చూస్తావని నా ఆశ.

ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. అప్పటికే మీ నాన్న లేరు. పాఠాలు చెప్పాలని కాదురా, రాత్రి నా మాత్ర మింగేటప్పుడు నువ్వు వేసుకున్నావో లేదోనని టెన్షన్.

ఊరికి రాలేకపోతే అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు మార్పించుకో. నీ వివరాలు బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. రూమ్‌లో వాళ్లు చూస్తారని సీసా మీద కాగితం చింపుతున్నావేమో, చింపితే చింపు, మాత్ర మాత్రం వెయ్యి. ఆదివారం లోపు ఫోన్ చెయ్యకపోతే మావయ్యను వెంటబెట్టుకుని నేనే వస్తాను.

అమ్మ