ఒకే ముక్క, రెండు పాటలు

ఒరేయ్ బావా,

ఉభయకుశలోపరి. "ట్రిప్‌హాప్ అంటే ఏంట్రా, హిప్‌హాప్‌కి జ్వరమొచ్చినట్టుంది" అని వెక్కిరించావు గానీ పోలిక బానే కుదిరింది. డ్రమ్స్ హిప్‌హాప్‌వే, నడక మాత్రం ఈడుస్తూ ఉంటుంది.

ముందు అమెరికా సోల్ గాయకుడు ఐజాక్ హేస్ 1971లో చేసిన 'ఐక్స్ ర్యాప్ 2' విను. అందులో మెట్లు దిగుతున్నట్టు కిందికి జారే ముక్క ఒకటుంది, అది చెవిలో పట్టేదాకా వదలకు. తర్వాత పోర్టిస్‌హెడ్ వాళ్ళ 'గ్లోరీ బాక్స్', ఆ వెంటనే ట్రిక్కీ 'హెల్ ఈజ్ రౌండ్ ది కార్నర్' పెట్టు. రెండింట్లోనూ అదే ముక్క! మొదటిదాంట్లో ఆ బృందం గాయని బెత్ గిబ్బన్స్ గొంతు ఒంటరిగా తేలుతూ ఉంటే, మధ్యలో గిటార్ బరబరా చింపుకుంటూ వస్తుంది. రెండోదాంట్లో ట్రిక్కీ పాడనే పాడడు, చెవి దగ్గరికొచ్చి గొణుగుతాడు. ఈ మూడూ వరసగా విన్నావంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఇదంతా ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి సరుకు. సెయింట్ పాల్స్ పేటలో స్థిరపడ్డ కరీబియన్ కుటుంబాలు పెద్ద పెద్ద స్పీకర్ల సౌండ్ సిస్టమ్‌లు, డబ్ రెగే (బేస్, ఎకో ముందుకు తెచ్చిన జమైకా సంగీతం) వెంట తెచ్చుకున్నాయి. 80ల్లో వైల్డ్ బంచ్ అనే కుర్రాళ్ళ జట్టు అందులో సోల్, పంక్, హిప్‌హాప్ కలిపింది. ఆ జట్టులోంచి వచ్చినవాళ్ళే మాసివ్ అటాక్, 1991లో 'బ్లూ లైన్స్' ఆల్బమ్ తెచ్చారు. ట్రిప్‌హాప్ అన్న పేరు 1994లో మిక్స్‌మ్యాగ్ పత్రిక పెట్టింది, అదీ అమెరికావాడైన డీజే షాడో గురించి రాస్తూ. బ్రిస్టల్ వాళ్ళకి ఆ పేరంటేనే పడదు.

ఇక లాప్‌టాప్‌లో నువ్వే ఒకటి కడతానన్నావు కదా. 95 బీపీఎంలో (నిమిషానికి 95 దెబ్బలు) ఉన్న పాత డ్రమ్స్ రెండు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల చుట్లు రెండు, తీసుకుని 80కి దించు. శ్రుతి మార్చకుండా వేగం మాత్రమే తగ్గించే టైమ్ స్ట్రెచ్ జోలికి పోకు, దెబ్బల అంచులు అరిగిపోయి నీళ్ళలో కొట్టినట్టుంటుంది. రికార్డు నెమ్మదిగా తిప్పినట్టు శ్రుతితో సహా దించు, సుమారు మూడు సెమీటోన్లు (అరస్వరాలు). అప్పుడు స్నేర్ డ్రమ్ము బరువెక్కుతుంది, హై-హ్యాట్ తాళాలు మసకబారతాయి. నీకు కావలసిన జ్వరం అదే! 80లో రెండు బార్లంటే సరిగ్గా 6 సెకన్లు. ఒక్క పిసరు తేడా వచ్చినా తిరిగిన ప్రతిసారీ కాలు తడబడుతుంది, మళ్ళీ కొయ్యి.

ఆ రోజుల్లో ఎస్‌పీ-1200 శాంప్లర్‌లో (శబ్దం ముక్కలు ఎక్కించుకుని వాయించే యంత్రం) మొత్తం 10 సెకన్లే పట్టేది. చోటు కలిసొస్తుందని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 మీద తిప్పి ఎక్కించి, లోపల కిందికి దించేవారు. శబ్దాన్ని ముతకగా పట్టే 12 బిట్ యంత్రం కదా, ఆ దింపుడులో గరుకు వచ్చి చేరేది. పిసినారితనం కాస్తా రుచైంది.

బేస్‌కి సాదా సైన్ తరంగం చాలు. కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) పడే చోట అది తప్పుకోవాలి, లేకపోతే రెండూ కలిసి బురదే. లాప్‌టాప్ స్పీకర్‌లో ఈ తగువు వినబడదు, హెడ్‌ఫోన్ పెట్టుకో. ఎకో 562 మిల్లీసెకన్లు, అంటే 80లో ముప్పావు దెబ్బంత, పెట్టి, పాదం చివరి మాటకి మాత్రమే వదులు. ప్రతి మాటకీ వదిలితే గుళ్ళో మైకులా ఉంటుంది.

కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. పాట మొత్తం మీద రికార్డు గరగర చల్లేస్తారు, ఉప్పెక్కువైన పులుసులాగ. పోర్టిస్‌హెడ్ వాళ్ళు తాము వాయించినదాన్నే రికార్డుగా అచ్చు వేయించి, దాన్ని తొక్కి అరగదీసి, మళ్ళీ శాంపిల్ చేసుకున్నారు. నువ్వు అంత పని పెట్టుకోకు. మళ్ళీ మళ్ళీ తిరిగే ఆ డ్రమ్స్ ముక్క (లూప్) ఒక్కదాన్నే 12 బిట్‌కి దించి, 9 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్. గొంతు మాత్రం శుభ్రంగా ఉంచు. కింద మురికి ఉంటేనే పైన గొంతు విడిగా నిలబడుతుంది.

వినడానికి పోర్టిస్‌హెడ్ ఆల్బమ్ 'డమ్మీ', ట్రిక్కీ 'మాక్సిన్‌క్వే' ముందు, మాసివ్ అటాక్ 'మెజనైన్' ఆఖర్న. అది మిగతావాటికన్నా చీకటి.

పాట పూర్తయ్యేదాకా ఆగకు. ఆ ఆరు సెకన్ల ముక్క కోయగానే పంపు, అతుకు సరిగ్గా పడిందో లేదో విని చెబుతా.

ఇట్లు,
నీ బావ