సొంత పాటల ఆల్బమ్‌లకూ చోటివ్వండి

సంపాదకులకు,

సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా ఆల్బమ్‌లు చేస్తున్న సీమ కళాకారులను అనంతపురం జిల్లా పేజీలో పరిచయం చేయండి. గాయకుడి ఫొటో ఒక్కటే వేస్తే చాలదు. పాట రాసిందెవరు, డప్పు వాయించిందెవరు, మిక్సింగ్ ఎవరిదో కూడా రాయాలి. ఆ పేర్లే ఎక్కడా కనిపించవు.

కళాకారులకూ ఒక మాట. విడుదలకు కనీసం 3 వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే స్పాటిఫై లాంటి పాటల యాప్‌లకు పాట చేర్చే సంస్థకు, వేవ్ (WAV) ఆడియో ఫైల్, 3000 పిక్సెళ్ల చదరపు కవర్ బొమ్మ పంపండి. స్పాటిఫై సంపాదకుల ప్లేలిస్టులో చోటు కోసం కనీసం 7 రోజుల ముందే అడగాలి, పాట బయటికొచ్చాక అడిగే వీలు లేదు. ప్రతి రికార్డింగ్‌కు దాన్ని గుర్తుపట్టే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది, అందులో అక్షరాలు, అంకెలు కలిపి 12. డిస్ట్రిబ్యూటర్ మారినా పాత కోడే ఇవ్వండి, లేదంటే ప్లే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పేరు స్పెల్లింగ్ తేడా వస్తే పాట వేరొకరి ఖాతాలో పడొచ్చు. రచయిత, స్వరకర్త తమకు రావాల్సిన రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ సంస్థలో చేరడం మరవొద్దు.

- ఒక పాఠకుడు, అనంతపురం