కంట్రోల్-జెడ్ లేని చోట

చిన్నా,

మొదటి ఉద్యోగం, డ్రైవింగ్ లైసెన్స్ రెండూ నీకు ఒకేసారి వచ్చాయి. నాకు రెండింటి మీదా చెప్పాల్సింది చాలా ఉంది. ఫోన్లో చెబితే "సరే అమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీకు వీలున్నప్పుడే చదువు, కానీ చివరిదాకా చదువు.

ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాక నాకు బాగా అలవాటైపోయిన ప్రశ్న ఒకటుంది. ఎవరు ఏ మార్పు చేస్తామన్నా ముందు అడిగేది, "ఇది తేడా కొడితే వెనక్కి తీసుకోగలమా?" అని. తీసుకోగలం అంటే ఎంత పెద్ద మార్పైనా ధైర్యంగా చేసేయమంటాను. తీసుకోలేం అంటే ఒక్క లైను మార్పు కోసమైనా ఇంకోసారి కూర్చుని చూడమంటాను. ఈ ప్రశ్న ఆఫీసులోనే కాదు, స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడూ పనికొస్తుంది.

కొత్తగా చేరినవాళ్లు చాలామంది భయపడనక్కర్లేని చోట భయపడతారు. కోడ్ పాత రూపాలను దాచి ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నదే నీ భయం పోగొట్టడానికి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం దాన్ని రాశాడు. ఒకసారి కమిట్ చేసిన, అంటే గిట్‌లో భద్రపరిచిన కోడ్ దాదాపుగా ఎటూ పోదు. విడిగా బ్రాంచ్, అంటే వేరే కాపీ లాంటిది తీసుకుని ఇష్టమొచ్చినట్టు విరగ్గొట్టు, మళ్లీ అతికించు. కొంపేం మునిగిపోదు. అసలు భయం ఉండాల్సింది డేటా దగ్గర. జనం వాడుతున్న అసలు డేటా ఉండే ప్రొడక్షన్ డేటాబేస్‌లో ఏదైనా డిలీట్ చేయాల్సి వస్తే, ముందు అదే షరతుతో, చూపించడమే తప్ప ఏదీ తీసేయని సెలెక్ట్ కమాండ్ నడిపి ఎన్ని రికార్డులు వస్తున్నాయో చూడు. తర్వాత ట్రాన్సాక్షన్ (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగలిగే పని) మొదలుపెట్టి డిలీట్ ఇవ్వు. పోయిన రికార్డుల సంఖ్య నువ్వు ముందు చూసిన సంఖ్యతో సరిపోతేనే కమిట్ కొట్టి ఖాయం చెయ్యి, లేదంటే రోల్‌బ్యాక్ కొట్టి వెనక్కి తీసుకో. ఇప్పుడు ఏఐ ఆ కమాండ్‌ను క్షణంలో రాసిచ్చేస్తుంది, రాసివ్వనీ. ఎంటర్ కొట్టే వేలు మాత్రం నీదే కాబట్టి ప్రతి అక్షరం చదివాకే కొట్టు.

పాత కోడ్‌ను సరిచూడకుండా వాడితే ఏమవుతుందో విను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. దాని గైడెన్స్ సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చి వాడుకున్నారు. కొత్త రాకెట్‌కు అడ్డదిశలో వేగం పాతదానికంటే చాలా ఎక్కువ. దాంతో 64 బిట్లలో ఉన్న ఒక విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు. దానికి తోడుగా రెండో కంప్యూటర్ ఉంది, కానీ అందులోనూ అదే కోడ్, అదే లెక్క. రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. నేల విడిచిన 40 సెకన్లలోపే రాకెట్ ముక్కలైంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం, రాకెట్ పైకి లేచాక ఆ లెక్కతో అసలు అవసరమే లేకపోవడం.

మొదటిదానితో పాటే చెడిపోయేది తోడు కాదు. నీ ఫోటోల సంగతి అందుకే మళ్లీ మళ్లీ అడుగుతుంటాను. "అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదమ్మా" అంటావు. సింక్ అంటే ఒకచోట మారింది రెండో చోటా మారడం, అది బ్యాకప్ కాదు. ఫోన్లో ఒక ఫోటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, కొన్నాళ్లు ట్రాష్‌లో ఉండి తర్వాత అక్కడి నుంచీ పోతుంది. మా రంగంలో 3-2-1 అంటారు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒక కాపీ వేరే చోట. ఒక హార్డ్‌డిస్క్ కొనుక్కుని, కాపీ చేశాక దాన్ని తీసి పక్కన పెట్టు. అప్పుడప్పుడు అందులోంచి ఒక ఫోల్డర్ తెరిచి చూస్తూ ఉండు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక కారు. కంప్యూటర్‌లో చేసిందాన్ని వెనక్కి తీసుకునే కంట్రోల్-జెడ్ ఇక్కడ లేదు చిన్నా. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 100 అయితే దాదాపు 28. ఆ వేగంలో ఫోన్ వైపు రెండు సెకన్లు చూశావంటే, 55 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. పైగా వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక కారు ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నీకు ఫిజిక్స్ నేను చెప్పనక్కర్లేదు. కానీ రోడ్డు మీద ఆ లెక్క గుర్తుండేలా చేయడానికి అమ్మ ఒకరు ఉండాలి.

అన్నీ ఒకేసారి మీద పడే సమయాలు వస్తాయి. వాన, తెలియని దారి, నావిగేషన్ గొంతు, మోగుతున్న ఫోన్, పక్కసీట్లో ఫ్రెండు కబుర్లు. 1969లో అపోలో 11 చంద్రుడి మీదికి దిగుతున్నప్పుడు కంప్యూటర్‌లో పని ఎక్కువైందని చెప్పే 1202 అలారం మోగింది. అప్పుడు అవసరం లేని ఒక రాడార్ నుంచి వస్తున్న సంకేతాలు దాని సమయాన్ని తినేస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ తక్కువ ప్రాధాన్యం ఉన్న పనులను వదిలేసి, దిగడానికి కావాల్సినవి మాత్రం ఆపకుండా చేసుకుంటూ పోయింది. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది మార్గరెట్ హామిల్టన్. ఆమె గురించి చదివిన ప్రతిసారీ నా పని మీద నాకు గౌరవం పెరుగుతుంది. నువ్వూ అలాగే చెయ్యి. స్టీరింగ్, అద్దాలు, బ్రేకు ఉంచుకుని మిగతావన్నీ వదిలెయ్. ఫోన్ ఎత్తకు, అది నాదైనా సరే.

కారు ఎంచుకునేటప్పుడు పెద్ద టచ్ స్క్రీన్ చూసి మురిసిపోకు. రోజంతా స్క్రీన్ల ముందు బతికేదాన్ని కాబట్టే చెబుతున్నాను. ఏసీకి, వైపర్లకు చేతికి తగిలే నాబ్‌లు, బటన్లు ఉన్న కారే మంచిది. కళ్లు రోడ్డు మీదే ఉన్నా చెయ్యి వాటిని వెతుక్కుంటుంది. యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్ల లాంటివాటికి విడి కంట్రోళ్లు ఉంటే మార్కులు ఇస్తానంది.

ఏబీఎస్ అనే బ్రేకుల వ్యవస్థ గురించి ఒక మాట. గట్టిగా బ్రేకు తొక్కితే పాదం కింద పెడల్ దడదడలాడుతుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందని బెదిరి కాలు తీసేస్తారు. తియ్యకు. చక్రం బిగుసుకుపోకుండా కంప్యూటర్ సెకనుకు చాలాసార్లు బ్రేకును వదిలి పట్టుకుంటోందన్నమాట. అలా చేయడం వల్లే జారే రోడ్డు మీద కూడా స్టీరింగ్ నీ మాట వింటుంది. ఎవరూ లేని ఖాళీ మైదానంలో ఒకసారి తొక్కి చూడు, పాదానికి ఆ దడ తెలిసిపోతుంది. సీట్‌బెల్ట్ గురించి మనిద్దరి మధ్య వాదన వద్దు. ఇప్పుడు మనం పెట్టుకునే మూడు బిందువుల బెల్ట్‌ను 1959లో వోల్వో ఇంజనీర్ నిల్స్ బోలిన్ తీసుకొచ్చాడు, పేటెంట్‌ను మిగతా కంపెనీలన్నీ వాడుకోవడానికి వోల్వో వదిలేసింది. అంత మంచి మనసుతో ఇచ్చినదాన్ని వెనక సీట్లో కూర్చున్నప్పుడు కూడా పెట్టుకో.

డాష్‌బోర్డు మీద ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకోకు. వెంటనే క్షేమంగా పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్. ఆయిల్ ప్రెషర్ లేకుండా నడిస్తే లోపలి భాగాలు రాసుకుని కాసేపట్లోనే ఇంజన్ పోతుంది. పసుపు రంగు ఇంజన్ బొమ్మ నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోమని. అదే మినుకుమినుకుమంటే ఇంధనం సరిగ్గా మండడం లేదని, అప్పుడు ఎక్కువ దూరం నడపకు.

సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నానన్నావు కదా, మంచిదే. పెయింటు మెరుపు చూసి మోసపోకుండా వంగి టైర్లు చూడు. టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు లోతుగా కనిపించినా, ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గాడుల అడుగున చిన్న మిట్టలుంటాయి చూడు. పై రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసిందని, ఇక ఆ టైరు పనికిరాదని. గాలి చూడాల్సింది కారు నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎంత కొట్టించాలన్నది డ్రైవర్ తలుపు పక్కన ఉన్న స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉన్నది గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకు.

కారు చూడ్డానికి వెళ్లినప్పుడు నాలుగు టైర్ల మీదున్న ఆ అంకెలు ఫోటో తీసి నాకు పంపు. కొన్నింటికి అవి లోపలివైపు ఉంటాయి, కాస్త కష్టపడి తియ్యి. స్పేర్ టైరుది కూడా పంపు, అందరూ చూడకుండా వదిలేసేది దాన్నే.

ప్రేమతో,
అమ్మ