ఖార్కివ్ పైన్ అడవుల పరిశోధనకు మన చందా: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మీరిచ్చిన డబ్బు ఎంత, ఎక్కడికి వెళ్ళింది, ఎంత మిగిలింది అన్నది ఇందులో ఉంది. లెక్క రాసింది కోశాధికారిగా నేను. చూసి సంతకాలు పెట్టింది కమిటీలో ఉన్న ఏడుగురం. ఆడిటర్ గారు వోచర్లన్నీ తిరగేసి సరిపోయాయన్నారు. మొత్తాలు ముందే చెప్పేస్తాను. వచ్చింది రూ. 8,33,884. ఖర్చయింది రూ. 6,01,036. బ్యాంకులో ఉన్నది రూ. 2,32,848. చేతిలో నగదు లేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. కమిటీలో ఉన్నవాళ్ళమంతా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివిన తెలుగువాళ్ళం. రష్యా దాడి మొదలయ్యాక, 2022 మార్చి 2న, సాయంత్రం ఆరులోపు ఎలాగైనా ఊరు వదిలి పక్కనున్న పిసోచిన్ వైపు వెళ్ళిపొమ్మని మన ఎంబసీ చెప్పినప్పుడు, భుజాన ఒక్క బ్యాగుతో ఆ చలిలో నడిచినవాళ్ళం. బతికి ఇంటికొచ్చాం, చదువులు పూర్తి చేసుకున్నాం, ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రుల్లో డ్యూటీలు చేసుకుంటున్నాం. మాకు అన్నం పెట్టిన ఊరి చుట్టుపక్కల అడవి కాలిపోయిందని తెలిశాక, అక్కడ దాన్ని మళ్ళీ నిలబెట్టే దారి వెతుకుతున్న చిన్న పరిశోధక బృందానికి ఉడతాభక్తిగా ఏదైనా చేద్దామనుకున్నాం. అలా మొదలైంది.

ఆ అడవి సంగతి కొంచెం చెప్పాలి. ఖార్కివ్‌కు ఆగ్నేయంగా సివెర్‌స్కీ దొనెట్స్ నది పారుతుంది. దాని వెంట ఇజ్యూమ్ మీదుగా, దొనెట్స్క్ ప్రాంతంలోని స్వ్యాతీ హోరీ నేషనల్ పార్కు దాకా ఇసుక నేలల మీద పైన్ అడవులు, అంటే సూదుల్లాంటి ఆకులుండే చెట్ల అడవులు, ఉంటాయి. చీరాల, బాపట్ల తీరంలో సరుగుడు తోటలు ఇసుకను ఎలా పట్టి ఉంచుతాయో, అక్కడ పైన్ చెట్లు అలా పట్టి ఉంచుతాయి. చాలా భాగం మనుషులు వరసలు తీసి నాటినవే. ఒకే జాతి, ఇంచుమించు ఒకే వయసు, ఒళ్ళంతా జిగురు. నిప్పంటుకుంటే కొమ్మల మీదుగానే పాకిపోతుంది. 2022లో ఆ నది వెంటే నెలల తరబడి రష్యా, ఉక్రెయిన్ సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. షెల్లు పడి అంటుకున్న మంటను ఆర్పడానికి ఫైరింజన్ పోదామన్నా దారి నిండా మందుపాతరలే.

చందా అడిగినప్పుడు అందరూ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "పరిశోధన ఎందుకండీ, ఆ డబ్బుతో మొక్కలు నాటించొచ్చుగా?" న్యాయమైన ప్రశ్నే. మొదట మేమూ అలాగే అనుకున్నాం. కానీ మందుపాతరలు తీయని చోట గడ్డపార దింపడమంటే మనిషి ప్రాణం పణంగా పెట్టడం. తీసేసిన చోట కూడా ఆ మట్టిలో ఏముందో తెలియకుండా నాటితే మొక్క బతుకుతుందన్న నమ్మకం లేదు. ఫ్రాన్స్‌లో వెర్దన్ దగ్గర, మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన, విషరసాయనాలు నింపిన షెల్లను 1920ల చివర్లో ఒకచోట పోగేసి కాల్చారు. ఆ చోటులో ఆర్సెనిక్ అనే విషం ఇప్పటికీ ఎంత ఉందంటే చాలా భాగం బోడినేలగానే మిగిలిపోయింది. చుట్టూ నాటిన పైన్ మాత్రం అడవై పెరిగింది. అదే ఊరు, అదే వాన. తేడా అంతా మట్టిలోనే.

అడవి తిరిగి వస్తుందా అని అడిగినవాళ్ళకు వియత్నాంలోని కాన్ జో గురించి చెప్పేవాళ్ళం. విమానాల నుంచి రసాయనాలు చల్లి మాడ్చేసిన మడ అడవి అది. 1978 నుంచి అక్కడివాళ్ళు చేతులతో ఉప్పుపొన్న జాతి మొక్కలు నాటారు. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఇరవై రెండేళ్ళ పని అది. ఏ జాతి ఎక్కడ నిలుస్తుందో చూసుకుంటూ, చచ్చినచోట మళ్ళీ నాటుకుంటూ చేసిన పని.

ఇక జమ.

ఇక్కడున్న 386 మంది ఇచ్చిన విరాళాలు: రూ. 5,41,200
విదేశాల్లో ఉన్న 47 మంది మనవాళ్ళు ఇచ్చినవి: రూ. 2,18,000
విజయవాడ సమావేశంలో డబ్బాల్లో పడినవి: రూ. 63,450
బ్యాంకు వడ్డీ: రూ. 6,918
కోశాధికారి తిరిగి కట్టినది (ఎందుకో కింద చెప్పాను): రూ. 4,316
మొత్తం: రూ. 8,33,884

ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఐదు వందలు, వెయ్యి వేసినవాళ్ళే. ఒక అమ్మగారు తన పెన్షన్‌లోంచి నెలకు రెండు వందల చొప్పున పన్నెండు నెలలూ తప్పకుండా పంపారు. వాళ్ళబ్బాయి మా జూనియర్. ఆ పన్నెండు ఎంట్రీలు పాస్‌బుక్‌లో కనబడిన ప్రతిసారీ ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా రాయాలనిపించేది.

విదేశాల్లో ఉన్నవాళ్ళలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ డబ్బు మాత్రమే తీసుకున్నాం. అక్కడి పౌరసత్వం తీసుకున్న ఇద్దరు పంపిన రూ. 24,000 వాళ్ళ ఖాతాలకే తిప్పి పంపాం. విదేశీ విరాళాల చట్టం కింద మనకు అనుమతి లేదు. వాళ్ళు నొచ్చుకున్నారు, మాకూ బాధే. ఆ మొత్తం పైన జమలోనూ లేదు, కింద ఖర్చులోనూ లేదు. మనది రిజిస్టరైన సంస్థ కాదు కాబట్టి ఎవరికీ పన్ను మినహాయింపు రసీదు ఇవ్వలేకపోయాం. డబ్బంతా కమిటీలో ఇద్దరి జాయింట్ ఖాతాలో ఉంచి, వాళ్ళ పేర్ల మీదే ఎ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చేది) నింపి విరాళంగా పంపాం. ప్రతి ఫారం కాపీ ఫైల్లో ఉంది.

ఖర్చులో పెద్దవి రెండు విడతలు. మొదటిది 2024 మేలో పంపిన రూ. 3,20,000. అందులో నారు పెంచే ట్రేలకు, వాటిలో నింపే పీట్ మట్టికి (చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి తయారయ్యేది) రూ. 74,500 అయ్యాయి. పైన్, బిర్చ్ విత్తనాలకు, ఓక్ కాయలకు రూ. 31,000 పోయాయి. ఇద్దరు పరిశోధక విద్యార్థులకు ఆరు నెలలకు, నెలకు పద్నాలుగు వేల చొప్పున రూ. 1,68,000 ఇచ్చాం. జనరేటర్, దాని డీజిల్ రూ. 46,500.

ఈ జనరేటర్ పద్దు గురించి నాకు ఎనిమిది మంది ఫోన్ చేశారు. మొక్కలకని ఇచ్చిన డబ్బుతో జనరేటర్ ఏంటని. మొదటి అంచనాలో ఆ డబ్బు, కాలిన అడవిని పైనుంచి చూడడానికి డ్రోన్ అద్దెకు అనుకున్నది. యుద్ధం నడుస్తున్న చోట మామూలు జనం డ్రోన్ ఎగరేస్తామంటే ఒప్పుకోరని మాకు ముందే తట్టాల్సింది. ఆ పని ఉచితంగా దొరికే సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలతో చాలావరకు జరిగిపోయింది. 2024 మార్చి 22న ఖార్కివ్ కరెంటు కేంద్రాల మీద పెద్ద దాడి జరిగింది. ఆ వేసవంతా గంటల కొద్దీ కరెంటు కోతలే. నర్సరీలో నీళ్ళు ఎక్కించేది మోటారు. ట్రేలో ఒక్కో గుంతలో మట్టి మన టీ గ్లాసులో పట్టేంత కూడా ఉండదు, ఎండలో ఒక్కరోజు తడి లేకపోతే అయిపోయినట్టే. జులైలో రెండు రోజులు మోటారు నడవక తొంభై ట్రేలలో పదకొండు ఎండిపోయాయి. వాళ్ళు పంపిన ఫొటోలో సూదుల్లాంటి ఆకులు ఇటుక రంగుకు తిరిగి, చివర్లు కిందికి వాలి ఉన్నాయి. ఆ రాత్రే ఏడుగురం ఫోన్లో మాట్లాడుకుని డ్రోన్ పద్దును జనరేటర్‌కు మార్చాం. మినిట్స్ పుస్తకంలో రాసి ఉంది.

ఆ ట్రేలలో జరుగుతున్నదేమిటో కూడా చెప్పాలి. ఖార్కివ్‌లో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. శరదృతువులో మెట్రో మెట్ల దగ్గర ముసలమ్మలు పేపరు పరిచి, పైన జిగటగా ఉండే గోధుమరంగు పుట్టగొడుగులు అమ్మేవాళ్ళు. మాస్లియాతా అనేవాళ్ళు వాటిని. ఆ పుట్టగొడుగు పైన్ వేరును పట్టుకుని బతుకుతుంది. వేరు దానికి తీపినిస్తే, అది వేరు చేరలేని చోట్ల నుంచి నీళ్ళూ లవణాలూ లాక్కొచ్చి ఇస్తుంది. ఇసుకనేలలో ఈ పొత్తు లేకపోతే పైన్ మొక్కకు చాలా కష్టం. గట్టిగా కాలిన చోట పైమట్టిలోని ఆ పుట్టగొడుగు బూజు కూడా మాడిపోతుంది. అందుకే సగం ట్రేలలో మామూలు పీట్, మిగతా సగంలో కాలని అడవి నుంచి తెచ్చిన మట్టి కొంచెం కలిపి పెంచుతున్నారు. మందుపాతరలు తీసినట్టు కాగితం ఉన్న మడిలో ఆ రెండు రకాలూ పక్కపక్కనే నాటి చూస్తారు. పైన్ ఒక్కటే ఒక వరస, పైన్‌తో బిర్చ్, ఓక్ కలిపి ఇంకో వరస. ఆకులు రాల్చే చెట్లు మధ్యలో ఉంటే మంట అంత తేలిగ్గా పాకదు. ఇప్పుడు ఆ అడవుల్లోకి పుట్టగొడుగులకు వెళ్ళి మందుపాతర తొక్కినవాళ్ళున్నారు. ఆ ముసలమ్మల గురించి తలుచుకోకుండా ఈ పద్దు రాయలేకపోయాను.

రెండో విడత రూ. 2,45,000, మట్టి పరీక్షలకు. అరవై నమూనాలు, ఒక్కోదానికి రూ. 3,250 చొప్పున రూ. 1,95,000. మట్టి తీసే గొట్టం, సంచులు, రవాణాకు రూ. 28,000. విద్యార్థుల ప్రయాణాలకు రూ. 22,000. షెల్ పడిన గుంత అంచున ఒకటి, లోపల ఒకటి, యాభై అడుగుల దూరంలో ఒకటి తీశారు. సీసం, రాగి, జింకు, నికెల్ ఎంతున్నాయో చూస్తారు. ఒక సంచి ఫొటో నా దగ్గరుంది. తెల్లటి ఇసుక, మధ్యలో బొగ్గు పొడి, గోరంత ఇనుప ముక్క. సంచి మీద పెన్సిల్‌తో నంబరు, లోతు, తేదీ. మన డబ్బుతో కొన్నదేదో చూపించమంటే నేను చూపించేది అదే. మొక్క నాటుతున్న ఫొటో, రిబ్బన్ కట్ చేస్తున్న ఫొటో మా దగ్గర లేవు.

ఈ విడతలోనే తప్పు జరిగింది. తప్పు నాది. నవంబర్‌లో పంపినప్పుడు తీసుకునేవారి పేరు ఫారంలో ఒక అక్షరం తేడాగా రాశాను. ఉక్రెయిన్ పేర్లు రష్యన్ పద్ధతిలో ఒకలా, ఉక్రేనియన్ పద్ధతిలో ఒకలా రాస్తారు, నాకు అలవాటైనది రాసేశాను. పంతొమ్మిది రోజుల తర్వాత డబ్బు వెనక్కొచ్చింది. మధ్య బ్యాంకుల కోత, మారకపు తేడా కలిపి రూ. 4,316 పోయాయి. ఆ పంతొమ్మిది రోజులూ నాకు నిద్రలేదు. ఆ మొత్తం నేను కట్టేశాను, జమలో అదే ఉంది. అంతకంటే పెద్ద నష్టం ఆలస్యం. డిసెంబర్‌లో మళ్ళీ పంపేసరికి ల్యాబ్‌లో మన వంతు దాటిపోయి, నమూనాలు జనవరి దాకా ఆగాయి. ఇకనుంచి ప్రతి ఫారం పంపేముందు ఇద్దరు చదవాలని నియమం పెట్టుకున్నాం.

మిగతావి చిన్నవి. మామూలు బ్యాంకు చార్జీలు, మారకం మీద జీఎస్టీ రూ. 9,870. సమావేశం హాలు అద్దె రూ. 12,000, ప్రింటింగ్ రూ. 4,850. ఆడిటర్ ఫీజు రూ. 5,000. వెనక్కొచ్చిన బదిలీలో పోయిన రూ. 4,316 కూడా ఖర్చులో ఉంది. భోజనాలు, ప్రయాణాలు ఎవరివి వాళ్ళే పెట్టుకున్నారు. అక్కడి నుంచి వచ్చిన నివేదికలను మా సీనియర్ ఒకరు ఊరికే తెలుగు చేసిపెట్టారు.

మిగిలిన రూ. 2,32,848 గురించి కమిటీలో రెండు మాటలున్నాయి. ఇంకో అరవై నమూనాలు తీయించాలని కొందరు. నాటిన మొక్కల్లో రెండో ఏడు ఎన్ని నిలిచాయో లెక్కపెట్టడానికి విద్యార్థుల జీతం కోసం దాచాలని కొందరు. నేను రెండోదాని వైపు. మొదటి ఏడు బతికిన మొక్క రెండో వేసవిలో పోవడం మామూలే, ఆ లెక్క లేకపోతే ఇప్పటిదాకా పెట్టిందంతా సగంలో ఆగినట్టే. 2025 జూన్ 15 ఆదివారం విజయవాడలో కూర్చుని తేలుస్తాం. రాలేనివాళ్ళు తమ మాట గ్రూపులో రాస్తే చదివి వినిపిస్తాం. పాస్‌బుక్, వోచర్లు, ల్యాబ్ బిల్లులు ఆ రోజు బల్ల మీదే ఉంటాయి.

ఒక్క పని మిగిలింది. యూపీఐలో వచ్చిన వాటిలో పదకొండు చెల్లింపులు, మొత్తం రూ. 7,350, ఎవరివో తెలియడం లేదు. పేరు బదులు షాపు పేరో, పొడి అక్షరాలో పడ్డాయి. పైన 386లో వాళ్ళనూ కలిపాం కానీ రసీదులు రాయలేకపోయాం. 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లలో పంపి ఇంతవరకు రసీదు అందనివాళ్ళు దయచేసి తేదీ, మొత్తం చెప్పండి. రసీదు పుస్తకంలో పదకొండు కాగితాలు ఖాళీగా ఉంచాను.