గేటు దగ్గర మా పిల్లలు అడిగిన ప్రశ్న

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం పొద్దున గేటు దగ్గర జరిగిన దాని గురించి వాట్సాప్ గ్రూపుల్లో చాలా మాటలు నడుస్తున్నాయి. పేరెంట్స్ మీటింగ్ రోజున "బండి ఎక్కితే హెల్మెట్ పెట్టుకుంటాం, పిల్లలకూ పెడతాం" అన్న బ్యానర్ మీద మీలో చాలామంది సంతకాలు చేశారు. సోమవారం హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్ళని ఎనిమిదో తరగతి పిల్లలు ఆపి, "అంకుల్, ఆ రోజు సంతకం పెట్టారు కదా, ఇవాళ ఎందుకు పెట్టుకోలేదు?" అని అడిగారు. జవాబులు నోటుబుక్కులో రాసుకున్నారు. పేర్లు రాసుకోలేదు. "పిల్లలతో మమ్మల్ని అవమానిస్తారా" అని కొందరు నాకు ఫోన్ చేశారు. మీకు ఇబ్బంది కలిగిన మాట నిజమే. అయినా పిల్లలు చేసింది మంచి పని. వచ్చే సోమవారం కూడా చేస్తారు.

నమ్మేది ఒకటి, చేసేది ఇంకొకటి అయితే మనసు కుదురుగా ఉండదు. లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో దీని మీద ఒక సిద్ధాంతమే ప్రతిపాదించారు. ఆ ఇబ్బంది పోవాలంటే పనైనా మార్చుకోవాలి, సాకైనా వెతుక్కోవాలి. సాకు సులువు. పిల్లల నోటుబుక్కు నిండా అవే ఉన్నాయి: "ఇక్కడిక్కడే కదా", "మెల్లగానే వస్తాం", "జుట్టు ఊడుతోంది". చెప్పేవాళ్ళు వాటిని నిజంగానే నమ్ముతారు, నా భయం అదే. కాలిఫోర్నియాలో నీటి కరువు వచ్చినప్పుడు శాంటాక్రూజ్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ అరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. 1992లో అది అచ్చయింది. నీళ్ళు పొదుపు చేయమనే పోస్టరు మీద కొందరు విద్యార్థినులతో సంతకం పెట్టించారు. కొందరిని మీరు నీళ్ళు ఎలా వాడుతున్నారని మాత్రం అడిగారు. కొందరికి రెండూ చేశారు. షవర్ కింద గడిపే సమయం బాగా తగ్గించుకున్నది ఆ రెండూ జరిగినవాళ్ళే. సంతకం ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు అడగాలి.

సైన్స్ టీచర్ ఈ సంగతి చెబితే, మన బ్యానర్‌కి ఆ ప్రశ్న జోడించాలన్న ఆలోచన పిల్లలదే. అందులో ఒక అమ్మాయి మొదట అడిగింది వాళ్ళ నాన్ననే. గొంతు వణికింది, అయినా అడిగింది. ఆయన తల నిమిరి, మర్నాడు హెల్మెట్‌తో వచ్చారు. ఇంకో అబ్బాయి సాకులన్నీ రకాలవారీగా విడదీసి చార్టు గీశాడు. ఎంత చక్కటి దస్తూరీయో, ఆఫీసు ముందు పెట్టాం, తప్పకుండా చూడండి.

ఇంకొక మనవి. అబద్ధం ఆడకూడదని నేర్పే ఇళ్ళలోనే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని ఫోన్ పిల్లల చేతికి ఇస్తున్నారు. లీవ్ లెటర్లో జ్వరం అని రాసి, అదే రోజు పెళ్ళి ఫొటోలు స్టేటస్‌లో పెడుతున్నారు. "జ్వరం తగ్గిందా" అని టీచర్ అడిగితే ఆ పిల్లాడు తల దించుకుంటున్నాడు. దయచేసి పెళ్ళికని రాయండి. సెలవు ఇస్తాం.



తొమ్మిది, పది తరగతుల పిల్లలకు స్కూటీ తాళాలు ఇస్తున్నవారికి: మైనర్ బండి నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద తల్లిదండ్రులకు 3 ఏళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. వెనక కూర్చున్నా సరే, 4 ఏళ్ళు దాటిన వారికి హెల్మెట్ తప్పనిసరి. పిల్లల హెల్మెట్లు బడిలోనే ఉంచడానికి వాచ్‌మన్ గది పక్కన అరలు కట్టించాం. పేరు, తరగతి రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు